కోలమూతి, మొండిమూతి

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు సుధీర్ వచ్చి, కాళ్లు కడుక్కోమంటే వినిపించుకోకుండా నా మంచం మీద రెండు రంగుల కాగితాలు పరిచాడు. రెండింటి మీదా రెండు పికప్ బండ్లు, తెల్లగా, పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు నిలబడి ఉన్నాయి. వాడు చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తుకుని ఫ్యాక్టరీలకు తోలే పనిలోకి దిగుతున్నాడు. ఏ బండి కొనాలో తేలక నిద్ర పట్టడం లేదట. "అత్తా, నువ్వు బండ్ల మధ్య పెరిగినావు గదా. డిజైను చూస్తే ఇది బాగుండాది, క్వాలిటీ చూస్తే అది. రిలయబులిటీ కాడికి వచ్చేసరికి తలా ఒక మాట చెప్తా ఉండారు. నువ్వు చెప్పు," అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే ఫోను తీసి వీడియో పెట్టాడు. అందులో నల్లకళ్లద్దాల మనిషి ఒకడు తలుపులు తీసి వేసి, టైర్లను కాలితో తన్ని, చివర మార్కులు వేసినట్టు చుక్కలు పంచాడు. దాని కింద జనం ఒకరినొకరు తల్లీ ఆలీ అని చూడకుండా తిట్టుకుంటున్నారు. "చూడత్తా, బండి కోసం ఎట్టా కొట్టుకుంటా ఉండారో," అని వాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. వేలితో కొట్టుకోవడం కూడా ఒక కొట్టుకోవడమేనా అబ్బయ్యా, అందామనుకుని ఊరుకున్నాను. మా పాళెంలో ఇదే వాదన మీద ఒక మనిషి చెంప చీలి పళ్లు బయటపడ్డాయి. ఇంకో మనిషి చెయ్యి శాశ్వతంగా పోయింది. ఆ చెయ్యి పోగొట్టుకున్నది మా మేనమామ, పోగొట్టింది మా నాయన. సుధీర్‌కి ఆ సంగతి తెలియదు. మా తమ్ముడు అప్పుడు చంటిపిల్లవాడు, వాడికే సరిగా తెలియదు, ఇంక వాడి కొడుకుకేం తెలుస్తుంది. వాడు కాఫీ తాగి వెళ్లిపోయాక నా ముక్కులో డీజిలూ చేపల నీచూ కలిసిన వాసన ఒకటి మొదలై, ఎంత అగరొత్తి వెలిగించినా పోవడం లేదు. అందుకని రాస్తున్నాను.

కంపెనీల పేర్లు రాయను. మా పాళెంలో ఎవరూ ఆ పేర్లు పలికేవాళ్లు కాదు కూడా. మాకు బండ్లు రెండే జాతులు. ముందు ఇంజను పెట్టె పొడుగ్గా పొడుచుకొచ్చి ఉండేది కోలమూతి. ముక్కే లేకుండా చెక్కేసినట్టు నిట్టనిలువుగా ఉండేది మొండిమూతి. మా నాయన పెంచలయ్యది కోలమూతి. మా అమ్మ తమ్ముడు మస్తానయ్యది మొండిమూతి. ఇద్దరూ సముద్రం ఒడ్డున మా పాళెంలో దిగిన చేపలను ఐసు వేసి, తడ దాటించి మద్రాసు మార్కెట్టుకు చేర్చేవాళ్లు. అంతకుముందు ఇద్దరూ వేటకు పోయినవాళ్లే. మా అమ్మ తండ్రీ, పెద్దన్నా ఒకే పడవలో పోయి తిరిగి రాలేదు. ఆ తరవాత మా నాయన పడవ ఎక్కలేదు. మా మామను కూడా ఎక్కనివ్వలేదు. "నీళ్ల మీద చచ్చేదానికంటే తారు రోడ్డు మీద చావడం మేలు, శవమన్నా ఇంటికొస్తాది," అనేవాడు. ప్రేమ కూడా మా నాయన నోట్లోంచి అలా తిట్టు లాగానే వచ్చేది.

ఇద్దరి బండ్లకూ పాళెం రెండుగా చీలిపోయింది. టీ కొట్టు ముందు బల్లకు ఒక పక్క కోలమూతి వాళ్లు, ఇంకో పక్క మొండిమూతి వాళ్లు. బండి తోలడం చేతకానివాడు కూడా ఏదో ఒక పక్క కూర్చోక తప్పదు. మా నాయన మొదలుపెట్టేవాడు: "మొండిమూతిలో ఇంజను యాడుంటాదిరా? పిర్రల కింద. ఎండాకాలం నాయుడుపేట చేరేసరికి కవళ్ల చేపలు ఉడికినట్టు నువ్వే ఉడికిపోతావు. ఎదురుగా లారీ వచ్చి గుద్దిందనుకో, నీ మోకాళ్లే బంపరు." మా మామ నెమ్మదిగా బీడీ విదిలించి అనేవాడు: "నీ బండి ముక్కు తిప్పుకునేలోపల నేను రేవులోకి పోయి, గంపలు ఎత్తుకుని, రోడ్డెక్కి ఉంటా బావా. ముక్కు పొడుగైతే వాసన ఎక్కువ పీలుస్తాది గానీ లోడు ఎక్కువ మోస్తాదా?" ఇవి డిజైను మీద వాళ్ల అభిప్రాయాలు. ఇక క్వాలిటీ చూడటానికి మా వాళ్లకు ఒకటే పరీక్ష. తలుపు మీద పిడికిలి బిగించి గుద్దడం. రేకు సొట్ట పడితే బండి నాసి, పిడికిలి వాస్తే బండి గట్టి. మా నాయన కుడిచేతి కణుపులు ఎప్పుడూ వాచే ఉండేవి. తన బండినీ గుద్దేవాడు, మామ బండినీ గుద్దేవాడు, దారిలో అడ్డం వస్తే మమ్మల్నీ గుద్దేవాడు.

మా ఇంట్లో దెబ్బకు కారణం అక్కర్లేదు, వేళ ఉంటే చాలు. నాయన మద్రాసు నుంచి వచ్చే వేళకు అమ్మ మామిడికాయ వేసిన చేపల పులుసు పొయ్యి మీదే ఉంచేది. మరీ వేడిగా ఉంటే ఒక దెబ్బ, చల్లారితే రెండు. అతను లోపలికి వచ్చేముందు బండి చుట్టూ తిరిగి, మూత ఎత్తి, ఇంజనులోకి ముఖం పెట్టి చూసుకునేవాడు. ఆ మూత వేసిన చప్పుడును బట్టి మేము అతని కోపం కొలుచుకునేవాళ్లం. మెల్లగా వేస్తే ఆ పూట గండం గడిచినట్టు. దబ్బున వేస్తే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని మామ ఇంటికి పరిగెత్తేదాన్ని. మామ ఏమీ అడిగేవాడు కాదు. తన బండి వెనక తొట్టిలో గోతాం పరిచి పడుకోబెట్టేవాడు. ఆ తొట్టి అడుగున ఎండిన పొలుసులు వీపుకు గుచ్చుకునేవి. అయినా అంత హాయిగా నేను మళ్లీ ఏ పరుపు మీదా పడుకోలేదు.

మా పాళెంలో ఒక ఆచారం ఉంది. కొత్త పడవను నీళ్లలోకి దించేముందు ఇంటి ఆడవాళ్లు సముద్రం నుంచి కుండలతో నీళ్లు తెచ్చి దానికి తలంటు పోసినట్టు పోస్తారు. పసుపు రాసి కుంకుమ పెడతారు. గంగమ్మ తన బిడ్డను గుర్తుపట్టాలి గదా, ఆ ఉప్పు వాసన లేకపోతే పరాయిదనుకుని ముంచేస్తుంది. నాయన బండి కొన్న రోజున పాళెంలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. పడవైతేనేం, బండైతేనేం, అన్నం పెట్టేదే. అమ్మ చేత సముద్రపు నీళ్లు పోయించారు. ఆ రోజుతో ఆగిందా? వేటకు పోని ప్రతి అమావాస్యకూ అమ్మ కుండ ఎత్తుకుని అల దాకా నడిచేది. బానెట్టు మీద, చక్రాల మీద, కింద వంగి అడుగు భాగం మీద కూడా నీళ్లు కొట్టేది. "కడుపు తడవకుండా స్నానమేంది మే," అనేది మా నాయనమ్మ. నీళ్లు ఆరినాక నాయన పడవకు పూసే తారు కాచి, అడుగున ఉన్న ఛాసీకి, అంటే బండి మొత్తాన్నీ మోసే ఆ పొడుగు ఇనుప దూలాలకు, దట్టంగా పూసేవాడు. నల్లగా నిగనిగలాడేది. అది చూసి కోలమూతి పక్షం వాళ్లు మీసం తిప్పేవాళ్లు.

మా మామ బండికి ఈ వైభోగం లేదు. మామ పెళ్లాం గూడూరు అవతల మెట్ట ఊరి పిల్ల, నిమ్మతోటల్లో పెరిగింది. బండికి సముద్రస్నానం చేయించాలంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చేతిపంపు దగ్గర బకెట్టుతో కడిగేసి ఊరుకునేది. పాళెం ఆడవాళ్లు ఆమెను ఎంత ఆడిపోసుకున్నారో చెప్పలేను. గంగమ్మను ఖాతరు చేయనిది, మొగుణ్ణి ఏం ఖాతరు చేస్తుంది అన్నారు. మామ బండి ఎప్పుడు దెబ్బతింటుందా అని అందరూ ఎదురు చూశారు.

శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజున సముద్రం మీదికి ఎవరినీ పోనివ్వరు. మగవాళ్లకు పని ఉండదు, పని లేకపోతే సారా ఉంటుంది. అలాంటి ఒక రాకెట్ రోజున, ఏ బండి బలమైందో ఇవాళ తేల్చేస్తామని రెండు పక్షాలూ ఒడ్డుకు చేరాయి. కోలమూతినీ మొండిమూతినీ వీపులు కలిపి నిలబెట్టి, లంగరు మోకుతో ఒకదానికొకటి కట్టారు. ఎవరు ఎవరిని ఈడ్చుకుపోతే వాళ్లది గెలుపు. ఇసకలో చక్రాలు బుసలు కొట్టాయి. రెండు ఇంజన్లూ కలిసి అరిచిన అరుపుకు కాకులు లేచిపోయాయి. నాయన కిటికీలోంచి సగం బయటికి వంగి తన బండినే తిడుతున్నాడు. మామ ముఖంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు, పళ్లు బిగించి ముందుకే చూస్తున్నాడు. మోకు తెగింది. తెగిన కొస గాలిలో తిరిగి మా పక్కింటి కోటయ్య చెంపను కొట్టింది. చెంప నిలువునా విచ్చుకుని లోపలి పళ్లు కనిపించాయి. కోటయ్య నోరు మూసుకునే ఉన్నాడు, అయినా పళ్లు కనిపిస్తున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నాకు అన్నం ముందు గుర్తొస్తే కంచం పక్కకు జరుపుతాను. వాడిని ఆసుపత్రికి తీసుకుపోవడం మానేసి, మోకు ఎవరి వైపు తెగింది అని వాళ్లు వాదించుకున్నారు. తరవాత తెడ్లు ఎత్తారు. ఆ మధ్యాహ్నం ఇసక మీద పడిన పళ్లను సాయంత్రం పిల్లలు గవ్వలతో పాటు ఏరుకున్నారు. రాకెట్ లేచిందో లేదో ఎవరూ తలెత్తి చూడలేదు.

ఆ తరవాతి అమావాస్యకు అమ్మ నీళ్లు కొడుతుంటే బండి అడుగు నుంచి తారు పెచ్చు ఒకటి ఊడిపడింది. దాని వెనక ఎర్రగా పొట్టు పొట్టుగా రాలింది. నాయన నిద్రలో ఉన్నాడు. అమ్మ చాటుగా నన్ను పంపి మామను పిలిపించింది. మామ బండి కిందికి వెల్లకిలా దూరి, ఎక్కడెక్కడో తట్టి చూసి, ముఖం నిండా ఎర్రటి పొడితో బయటికొచ్చాడు. "అక్కా, ఇది మోసేటట్టు లేదు. ఛాసీ పోతాండాది. లోడు వెయ్యొద్దని బావకు చెప్పు. నేను చెప్పినానని మాత్రం చెప్పబాక," అన్నాడు. అమ్మ పులుసు సరిగా వెచ్చబెట్టి, నాయన మొదటి ముద్ద తిన్నాక, మెల్లగా చెప్పింది. నాయన నమలడం ఆపాడు. "ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు. అమ్మకు అబద్ధం చేతకాదు. కంచం గోడకు తగిలింది, చెయ్యి అమ్మకు తగిలింది. "నా బండి మీద మొండిమూతి నా కొడుకు చెప్పే శకునాలు నా కూటి కాడ చెప్తావా!" అని అరిచాడు. బండి మంచిచెడ్డలు కాదు అతను విన్నది, పక్షం విన్నాడు.

వారం తిరక్కముందే తడ అవతల, వంజరాలూ చందువలూ నిండా వేసుకుని పోతున్న కోలమూతి రోడ్డు మధ్యలో నడుము విరిగి కూలబడింది. ముందు సగం ఒక వైపుకు, వెనక సగం ఒక వైపుకు. అద్దం పగిలి నాయన నుదుటి నిండా గుచ్చుకుంది. గంపలు దొర్లి చేపలన్నీ రోడ్డు మీద పడితే చుట్టుపక్కల జనం నెత్తురోడుతున్న మనిషిని దాటుకుంటూ చేపలు ఏరుకుపోయారట. బండిని గొలుసులతో లారీకి కట్టి పాళెం చేర్చారు. వెన్ను విరిగిన గొడ్డును ఈడ్చుకొచ్చినట్టుంది. జనం మూగారు. తారు పూసిన దూలం విరిగిన చోట పైకి తిన్నగా, కత్తిరించినట్టు కనిపించింది. వంగి లోపలికి చూసినవాళ్లు లేరు. ఎవరో అన్నారు, రంపంతో కోసినట్టుందే అని. నాయన తల తిప్పాడు. "పోయిన అమావాస్య నాడు ఈ బండి కిందికి దూరింది ఎవురు? విరుగుతాదని ముందే చెప్పింది ఎవురు?" అని తనలో తను అన్నట్టే అన్నాడు. అలా నెమ్మదిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. అమ్మ చేతిలోని చెంబు కింద పడింది.

మామ తన బండి దగ్గర గంపలకు తాడు బిగిస్తున్నాడు. నాయన జాకీ రాడ్డు పట్టుకుని వస్తుంటే చూసి కూడా పరిగెత్తలేదు. తప్పు చేసినవాడైతే పరిగెత్తేవాడు. "బావా, విను," అన్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకు మామ తొట్టి అంచు పట్టుకున్నాడు. ఆ పట్టుకున్న ఎడమ చేతి మణికట్టు మీద మూడో దెబ్బ పడింది. తడి కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. అయినా నాయన ఆగలేదు. పక్కకు ఒరిగిన అదే చెయ్యిని తొట్టి అంచుకు ఆనించి మళ్లీ కొట్టాడు. అది గేరు వేసే చెయ్యి. నాయన డ్రైవరు, ఏ చెయ్యి ఏం చేస్తుందో అతనికి తెలుసు. కోపంలో కళ్లు మూసుకుని కొట్టిన దెబ్బ కాదది, చూసి కొట్టిన దెబ్బ. ఆ ఒక్క సంగతికి నేను మా నాయనను ఇవాళ్టికీ క్షమించలేదు. అమ్మ అడ్డం పడితే జుట్టు పట్టి ఇసకలోకి విసిరాడు. అప్పుడు మామ అరిచింది నొప్పికి కాదు. "అక్కను ముట్టుకోబాక బావా" అని అరిచాడు.

మా పాళెం వాళ్లు పోలీసు స్టేషను గడప తొక్కరు. ఏ తగాదా అయినా కాపులే, అంటే మా కుల పెద్దలే, తీర్చాలి. వాళ్లు వేసే కట్టడిని దురాయి అంటారు. ఎవరి మీద దురాయి వేస్తే ఆ ఇంటికి నిప్పు లేదు, నీళ్లు లేవు, మాట లేదు. నాయన నుదుటి గాయంతో పెద్దకాపు ముందు నిలబడి ఫిర్యాదు చెప్పాడు. చెయ్యి విరిగిన మామ గుడిసెలో మూలుగుతుంటే, బండి కోసిన నేరానికి దురాయి అతని మీదే వేశారు. అతని బండిలో చేప వెయ్యరాదు. చేతిపంపు దగ్గరికి ఆ ఇంటివాళ్లు రారాదు. సొంత అక్కైనా పలకరించరాదు. నాటు వైద్యుడు కట్టు కట్టిపోయాక జ్వరంతో కాలిపోతున్న తమ్ముడికి మా అమ్మ ఒక చెంబుడు నీళ్లు ఇవ్వడానికి లేదు. మా అత్త పక్క పాళెం దాకా నడిచి నీళ్లు మోసుకొచ్చేది. గంగమ్మకు నీళ్లు పొయ్యలేదుగా, ఇప్పుడు మోయనీ అన్నారు ఆడవాళ్లు. మనుషులు ఎంత దుర్మార్గులు కాగలరో చెప్పడానికి నాకు పురాణాలు అక్కర్లేదు, మా పాళెం చాలు.

మా అమ్మ ఆ రోజుల్లో తిండి మానేసింది. ఒక పొద్దున నాయన బయటికి పోయాక, విరిగిన బండి దగ్గర కూర్చుని ఆ దూలం కొసలోకి చెయ్యి పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. పైన తారు, లోపల ఏమీ లేదు. ఇనుము ఉండవలసిన చోట ఎర్రటి పొరలు పొరలుగా, మాడిన అట్టులాగా చేతికి వచ్చేసింది. అమ్మ ఒక పొర తుంచి వాసన చూసింది. నాలుక మీద పెట్టుకుంది. తరవాత తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నేనే," అంది. "ఏందమ్మా" అన్నాను. "నేను పోసిన నీళ్లే," అంది. అప్పుడు నాకు భయం వేసింది. ఈ మాట నాయన చెవిన పడితే అమ్మ బతకదు. చెప్పకపోతే మామ బతకడు. అమ్మకు కూడా అదే తెలుసు. లేచి ముఖం కడుక్కుని, కొంగులో ఆ ఎర్రటి పొరలు మూట కట్టుకుని, ఇసకలో నడుచుకుంటూ కాపులు కూర్చున్న చోటికి పోయింది. నేను వెనకే పోయాను.

ఆ చోట ఆడది నోరెత్తకూడదు. అమ్మ మూట విప్పి పెద్దకాపు కాళ్ల దగ్గర పోసింది. "మామా, రంపంతో కోస్తే ఇనుము ఇట్టా ఉంటాదా? నాకి చూడు. ఉప్పు. అమావాస్య అమావాస్యకూ నేను పోసిన సముద్రపు నీళ్లు తినేసినాయి. పైన తారు పూస్తే మీకెవురికీ కనపళ్లా. నా తమ్ముడు చూసినాడు, చెప్పినాడు. దురాయి ఎయ్యాలంటే నా మీద ఎయ్యండి," అంది. పెద్దకాపు ముసలివాడు, ముఖం ముడుచుకున్నాడు. "ఏమ్మే కామాక్షీ, తమ్ముడి కోసం గంగమ్మ మీద నేరం మోపుతావా? ఆ తల్లి నీళ్లు మన పడవల్ని తరతరాలుగా కాస్తా ఉండాయి. మనం పసుపు కుంకుమ పెట్టిన దాన్ని ఆ తల్లి తింటాదా?" అన్నాడు. తలకాయలు ఊగాయి. నిజం ఒప్పుకుంటే ఆచారం తప్పవుతుంది, అందుకని మామే తప్పు కావాలి. అంతే లెక్క.

మా అమ్మ కొంగు దులుపుకుంది. సముద్రం వైపు చెయ్యి చూపించింది. "మా నాయన యాడ?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. "మా పెద్దన్న యాడ? నీ కొడుకు యాడ మామా? వాళ్ల పడవలకు మనం నీళ్లు పొయ్యలేదా? మనుషుల్ని తినింది గదా ఆ తల్లి. మనుషుల్ని తిన్నప్పుడు నమ్మితిరి, ఇనుమును తినిందంటే నమ్మరా?"

నాయన వచ్చి అమ్మ చెంప మీద కొట్టాడు. మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యిని నేను పట్టుకుని కొరికాను. పళ్లు ఎముకకు తగిలేదాకా కొరికాను. అతను విదిలించాడు గానీ నేను వదల్లేదు. నా నోట్లోకి వచ్చిన నెత్తురు కూడా ఉప్పగానే ఉంది. నన్ను ఊడబీకింది పెద్దకాపే. ఆయన కింద పడిన ఎర్రటి పొర ఒకటి తీసి, అందరి ముందూ నాలుకకు ఆనించుకున్నాడు. తరవాత ఏడ్చాడు. సముద్రంలో కొడుకు పోయిన రోజున కూడా ఆ మనిషి ఏడవలేదని అనేవాళ్లు. "దురాయి ఎత్తేసినాం," అన్నాడు. ఆ అమావాస్య నుంచి మా పాళెంలో బండ్లకు సముద్రస్నానం పోయింది. పడవలకు మాత్రం ఇప్పటికీ ఉంది.

మామ ఎముక అతుక్కుంది గానీ వేళ్లు ముడుచుకోలేదు. మొండిమూతిని ఇంకెవరో తోలుకుపోయారు. ఇద్దరిలో ఎవరి బండి మంచిదో చివరికి తేలనే లేదు. ఇప్పటి బండ్లకు ఛాసీకి తుప్పు పట్టని పూత వేస్తున్నారని, ఇన్నేళ్ల హామీ అని సుధీర్ తెచ్చిన కాగితాల మీద రాసి ఉంది. బాగానే ఉంటాయి, కాదనను. మోకాళ్లను కాపాడే గాలిసంచులు కూడా ఉన్నాయట. ఇప్పుడు బండి ఆగిపోతే ఫోను చేస్తారు, కంపెనీ మనిషి వస్తాడు. నా చిన్నతనంలో బండి ఆగితే మనుషుల్లో ఎవరో ఒకరు నేరస్తుడు కావాలి. ఇప్పటివాళ్లు మంచివాళ్లు, అప్పటివాళ్లు చెడ్డవాళ్లు అని నేను అనలేను. వీడియో కింద తిట్టుకునే ఆ జనానికి చేతికందే దూరంలో ఒక రాడ్డు ఉంటే ఏం చేస్తారో నాకు తెలుసు.

దురాయి ఎత్తేసిన మర్నాడు నాయన మామ ఇంటికి పోయాడు. అమ్మ పొమ్మనలేదు, వద్దనలేదు. నేను కోటయ్య పెళ్లాంతో కలిసి దడి అవతల నిలబడి చూశాను. మామ అరుగు మీద చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నాయన క్షమించమని అడగలేదు, ఆ మాట అతనికి రాదు. అరుగు పక్కన రోలు ఉంటే దాని ముందు కూర్చుని, కుడి చెయ్యి దాని మీద చాపి, జాకీ రాడ్డు మామ ముందు పెట్టాడు. నా పంటి గాట్లు ఆ చెయ్యి మీద నల్లగా ఉన్నాయి. "కొట్టు మస్తానా," అన్నాడు. మామ కుడి చేత్తో రాడ్డు తీసుకున్నాడు, బరువు చూశాడు. నాకు నిజం చెప్పాలనుంది. కొట్టాలని కోరుకున్నాను. గట్టిగా, ఎముక చితికేటట్టు కొట్టాలని దడి కంపను పట్టుకుని కోరుకున్నాను. మామ రాడ్డును నాయన ఒళ్లో పెట్టేశాడు.

"నీ చెయ్యి నీ కాడే పెట్టుకో బావా. రోజూ దాంతోనే అన్నం తిను," అన్నాడు.

తరవాత ఆ కుటుంబం గూడూరు వైపు పోయింది, మామ నిమ్మకాయల మండీలో కాపలా పనికి కుదిరాడు. నాయన చాలాకాలం బతికాడు. మమ్మల్ని కొట్టడం మానేశాడు. కానీ కంచం ముందు కూర్చుని అన్నం కలిపినాక, ముద్ద నోటిదాకా తెచ్చి, ప్రతిసారీ కాసేపు ఆ చెయ్యిని చూసేవాడు. చివరి రోజుల్లో మంచాన పడితే అమ్మే తినిపించేది. అప్పుడు మాత్రం ఆగకుండా, ఆకలిగా తినేవాడు.